యజమాని నిలబడరాదు

ప్యాకింగ్ హాలులో తనకో స్టూలు కావాలని దొమ్మేటి సత్యవేణి ఆరేళ్ళలో మూడు అర్జీలు పెట్టుకుంది. మూడింటికీ జవాబులొచ్చాయి. ఆ విషయంలో మహోదయ బిస్కట్స్ వారిని తప్పుపట్టడానికి లేదు. మొదటిదానికి "పరిశీలనలో ఉంది" అని వచ్చింది. రెండోదానికి, కూర్చుంటే కునుకొస్తుంది, కునుకొస్తే బెల్టులో చెయ్యి పడుతుంది, కాబట్టి మీ క్షేమం కోరి నిరాకరిస్తున్నాం అని వచ్చింది. మూడో జవాబు మానవ వనరుల జనరల్ మేనేజరు ఏకాంబరేశ్వరరావుగారు స్వయంగా రాశారు. ప్యాకింగ్ కూర్చుని చేసే పని కాదు కాబట్టి హాలులో స్టూళ్ళు లేవనీ, హాలులో స్టూళ్ళు లేవు కాబట్టి అది కూర్చుని చేసే పని కాదనీ అందులో ఉంది. సత్యవేణి దాన్ని రెండుసార్లు చదివింది. ఎక్కడా సందు దొరకలేదు.

సామర్లకోట దాటి నాలుగు కిలోమీటర్లు వెళ్తే మహోదయ ఫ్యాక్టరీ. ప్యాకింగ్ హాలులో అరవై రెండు మంది ఆడవాళ్ళు బెల్టుకి అటూ ఇటూ పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు దాకా నిలబడతారు. బెల్టు మీద బిస్కట్లు వస్తాయి. వరసకి పదహారు చొప్పున ట్రేలో సర్దాలి. సత్యవేణి పదిహేడేళ్ళుగా సర్దుతోంది. పిక్కల మీద నరాలు ఉబ్బి, మెలికలు తిరిగి, చీర కాస్త పైకి జరిగితే పక్కవాళ్ళు మొహం తిప్పుకునేలా తయారయ్యాయి. సాయంత్రం ఆటో దిగగానే బకెట్టులో వేడినీళ్ళు, గుప్పెడు ఉప్పు. కాకినాడ డాక్టరు చూసి, "ఇలాగే నిలబడితే ఏడాది తిరక్కుండా ఆపరేషనమ్మా. నిలబడే పని మానెయ్" అన్నాడు. మానెయ్యమనడానికి డాక్టరు గారి నోరు చాలు. సత్యవేణికి ఇంకో పని చూసిపెట్టేవాళ్ళు కావాలి.

హాలులో ఆమె నిలబడే చోటికి సరిగ్గా ఎదురుగా, గోడ మీద నీలం పెయింటుతో పన్నెండు నిబంధనలు రాసి ఉంటాయి. కంపెనీ పెట్టిన పెద్దాయన రాయించినవి. ఆయన పోయి చాలా కాలమైనా, ఏటా ఆయుధపూజకి ముందు ఆ అక్షరాలకి రంగు దిద్దుతారు. ఆయన కొడుకు, అంటే ఇప్పటి ఎండీగారు, దండ వేసి చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకుంటారు. చదవరు. మొదటి పదీ గోళ్ళ గురించీ, జడల గురించీ, చేతులు కడుక్కోవడం గురించీ. పదకొండోది ఇది: "యజమాని హాలులోనికి వచ్చినప్పుడు కుర్చీ వేయవలెను. యజమాని నిలబడి ఉండగా బెల్టు నడుపరాదు." పెద్దాయన ఓసారి బెల్టు పక్కన నిలబడి అజమాయిషీ చేస్తుంటే కండువా కొస బెల్టులో చిక్కుకుని, ఆయన్ని క్రీము బిస్కట్లతోపాటు పదడుగులు లాక్కుపోయింది. మర్నాడే పెయింటరొచ్చాడు. ఇక పన్నెండోది: "యజమానులందరి సంతకములు లేనిదే పై నిబంధనలు మార్చరాదు." అన్నదమ్ములతో పడిన తగాదాల్లో నేర్చుకున్న పాఠం అయ్యుంటుంది.

ఆ ఏడాది మహోదయ షేరు ధర మూడింతలయింది. ఎందుకయిందో హాలులో ఎవరికీ తెలియదు. బిస్కట్టు మాత్రం అంతకు ముందుకంటే కాస్త పల్చబడింది. ఆ ఊపులో ఎండీగారు హైదరాబాదులో ఒక సదస్సుకెళ్తే, సభలోంచి ఎవరో లేచి, "ఇంత లాభం వచ్చింది కదా, అందులో మీ కార్మికులకేమిచ్చారు?" అని అడిగారట. ఎండీగారికి చాలా బాధ కలిగింది. తిరుగు ప్రయాణంలో కారు సూర్యాపేట దాటేలోపే ఒక పథకం తయారైంది. దాని పేరు "అందరం యజమానులం". ముందుగా ప్యాకింగ్ హాలులో మొదలుపెట్టి చూద్దామన్నారు.

హాలు బయట షామియానా వేశారు. ఒక్కొక్కరికీ ఒక్కో షేరు, దానికో పత్రం. చుట్టూ బంగారు రంగు అంచు, మధ్యలో కంపెనీ ముద్ర. అరవై రెండు పేర్లు వేయిస్తే అచ్చుతప్పులు సరిచూడ్డానికి ఇంకో వారం పడుతుందనీ, ఎండీగారి ముహూర్తం అంతవరకూ ఆగదనీ, పేర్లు లేకుండానే కొట్టించారు. "ఈ పత్రము ఎవరి వద్ద ఉన్నదో వారు ఈ సంస్థ యజమానులలో ఒకరు" అని ఉంది దాని మీద. అందరికీ సరిపోయే వాక్యం రాసినందుకు ఏకాంబరేశ్వరరావుగారిని ఎండీగారు భుజం తట్టారు.

"ఈ క్షణం నుంచి మీరు కార్మికులు కారు," అన్నారు ఏకాంబరేశ్వరరావుగారు మైకులో. "ఆ పదాన్నే మన సంస్థ వాడుకలోంచి తొలగిస్తున్నాం. సంస్థ సంపద పెరిగితే మీ సంపద పెరిగినట్టే. సమ్మిళిత వృద్ధి, భాగస్వామ్య సంస్కృతి అంటే ఇదే."

సత్యవేణి పక్కన నిలబడే పెచ్చెట్టి నాగరత్నానికి నోరూరుకోదు. "అయితే షేరు పెరిగితే మాకేటొస్తదండి?" అని అరిచింది.

"సంతృప్తి వస్తుందమ్మా."

"చేతికేటొస్తదండీ అని?"

"అమ్మితే కదా చేతికొచ్చేది? అయిదేళ్ళు అమ్మకూడదు. అయినా సొంత కంపెనీని ఎవరైనా అమ్ముకుంటారా?"

నాగరత్నం కూర్చుంది. కింద గడ్డి మీద. కుర్చీలు వేదిక మీదే ఉన్నాయి.

మర్నాటి నుంచి యజమానిత్వం మొదలైంది. గేటు దగ్గర ఒక కరెంటు బోర్డు పెట్టారు. షేరు పెరిగితే పచ్చగా, తగ్గితే ఎర్రగా. పచ్చగా వచ్చినప్పుడల్లా సైరను మోగుతుంది, హాలులో అందరూ చప్పట్లు కొట్టాలి. దసరా బోనసు తీసేశారు. బోనసంటే యజమాని పనివాళ్ళకిచ్చేదనీ, తనకి తానే ఇచ్చుకోవడం గౌరవంగా ఉండదనీ నోటీసొచ్చింది. నాలుగింటి టీ పోయింది, యజమానులు దుబారా చెయ్యరు కాబట్టి. ఫిర్యాదుల పెట్టె గోడ నుంచి ఊడదీశారు, యజమానులు ఎవరికి ఫిర్యాదు చేస్తారు కాబట్టి. యజమానుల సొమ్ము ఆదా చెయ్యాలి గనక ఇకమీదట ఫ్యాక్టరీలో ఎక్కడా కొత్త ఫర్నిచరు కొనరాదని ఏకాంబరేశ్వరరావుగారు ఇంకో సర్క్యులరిచ్చారు.

"ఒదినా, మనం కూలోళ్ళుగా ఉన్నప్పుడే కాస్త బావుండేదే," అంది నాగరత్నం, టీ లేని నాలుగింటప్పుడు.

సత్యవేణికి ఆ వేళ కుడికాలు మరీ సలుపుతోంది. బరువు ఎడమకాలి మీదకి మార్చి, తలెత్తి గోడకేసి చూసింది. పదిహేడేళ్ళుగా చూస్తున్న గోడే. పదకొండో నిబంధన దగ్గర చూపాగింది. ఒకసారి చదివింది. పెదాలు కదుపుతూ ఇంకోసారి చదివింది.

ఆదివారం సెలవు గడిచి సోమవారం వచ్చింది. ఎనిమిదింటికి బెల్టు మొదలవగానే సత్యవేణి బంగారు అంచు కాగితం చేత్తో పట్టుకుని సూపర్వైజరు దగ్గరికెళ్ళింది.

"బాబూ, బెల్టాపండి."

"ఏమైంది? చెయ్యి పడిందా?"

"యజమాని నిలబడుందండి."

సూపర్వైజరు కంగారుపడి గుమ్మంకేసి చూశాడు. ఎవరూ లేరు. సత్యవేణి కాగితం చూపించి, తర్వాత గోడ చూపించింది. పెద్దాయన అక్షరాలకి ఎదురు చెప్పే జీతం కాదు అతనిది. బెల్టు ఆపి ఏకాంబరేశ్వరరావుగారికి ఫోను చేశాడు.

ఆయన వచ్చేసరికి బెల్టు మీద బిస్కట్లు గుట్టలు పడుతున్నాయి. "ఇదేమిటమ్మా? అది ఎండీగారి వంటి యజమానుల్ని ఉద్దేశించినది," అన్నారు.

"అలాగని లేదండి. యజమాని అనే ఉందండి. మేం కాదంటారా?"

కాదనడానికి లేదు. పథకాన్ని చూసిపోవడానికి వచ్చే వారం హైదరాబాదు నుంచి పెద్దమనుషులు, పత్రికలవాళ్ళు వస్తున్నారు. ఇప్పుడు యజమానులు కారంటే వాళ్ళకేం చూపించాలి? "ఈ ఒక్కసారికి ఒక కుర్చీ వెయ్యండి," అన్నారు. దగ్గర్లో ఉన్న కుర్చీ ఆయన గదిలోదే. చక్రాలది, గుండ్రంగా తిరిగేది. తెచ్చి వేశారు.

సత్యవేణి కూర్చుంది. పదిహేడేళ్ళలో మొదటిసారి ఆ హాలులో నడుం ఆనించింది. పాదాల్లోంచి ఏదో బరువు నేలలోకి దిగిపోయినట్టనిపించి, పదిమందిలో ఏడుపొచ్చేసింది. కొంగుతో మొహం తుడుచుకుని, "ఇహ నడపండి," అంది.

"ఆగండాగండి," అంది నాగరత్నం, తన కాగితం పైకెత్తి. "ఇక్కడింకో యజమాని నిలబడుంది."

తర్వాత ఇంకొకరు. ఇంకొకరు. మధ్యాహ్నానికి ఆఫీసులో కుర్చీలన్నీ హాలులోకొచ్చాయి. అకౌంట్స్ వాళ్ళు, స్టోర్స్ వాళ్ళు నిలబడి పనిచేశారు. వాళ్ళకి పథకంలో చోటు లేదు గనక వాళ్ళు యజమానులు కారు, నిలబడొచ్చు. ఇంకా నలభై చాలకపోతే పెద్దాపురం షామియానా కొట్టుకి కబురెళ్ళింది. మూఢం వెళ్ళి పెళ్ళిళ్ళ రోజులేమో, మామూలు కుర్చీలు ఇరవై ఎనిమిదే ఉన్నాయన్నాడు కొట్టతను. మిగతా పన్నెండూ పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు కూర్చునే సింహాసనాలు పంపించాడు. ఎర్ర మఖమలు, పక్కన సింహం తలలు. నాగరత్నం సింహం తల మీద మోచెయ్యి ఆనించి బిస్కట్లు సర్దింది.

బెల్టు నడిచింది. మొదటి రోజే బిస్కట్లు విరగడం సగానికి తగ్గింది. కాళ్ళు నెప్పి పెట్టనివాళ్ళ చేతులు వణకవని ఎవరూ అంతవరకూ కనిపెట్టలేదు. ఏకాంబరేశ్వరరావుగారు మాత్రం నిద్రపోలేదు. రెండో రోజు "ఆసన సమన్వయ సంఘం" అని ఒకటి వేశారు. అందులో ఆయనే అధ్యక్షుడు, ఆయనే సభ్యుడు. సంఘం నిలబడే సమావేశమై, నిలబడే తీర్మానించింది: "గౌరవ యజమానులు పని వేళలలో తమ యజమానిత్వమును గేటు వద్ద అప్పగించి, సాయంత్రము తిరిగి పొందవలెను."

బుధవారం పొద్దున్న గేటు దగ్గర వాచ్‌మన్ అప్పలకొండ అరవై రెండు కాగితాలూ పోగుచేసి, రబ్బరుబ్యాండు వేసి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆడవాళ్ళు హాలులో మళ్ళీ నిలబడ్డారు. సత్యవేణి కాళ్ళు రెండు రోజుల సుఖం మరిగాయేమో, గంట తిరక్కుండానే మొర పెట్టుకున్నాయి. ఆమె తిన్నగా గేటు దగ్గరికెళ్ళింది.

"అప్పలకొండా, ఆ కాగితం మీదేముందో చదువు."

అప్పలకొండ శ్రీకాకుళం వైపు మనిషి. చదువు తక్కువైనా కూడబలుక్కుని చదివాడు. "ఈ పత్రము ఎవరి వద్ద ఉన్నదో వారు... ఏటి? నాకాడే ఉన్నాయి గదేటి?"

"అరవై రెండూ నీ దగ్గరే ఉన్నాయి. ఎండీగారి తర్వాత నువ్వే."

అప్పలకొండ లాఠీ గోడకి ఆనించి, టోపీ సరిచేసుకుని, హాలులోకి నడిచొచ్చి బెల్టు పక్కన నిలబడ్డాడు. పాపం, సూపర్వైజరు బెల్టాపాడు. ఏకాంబరేశ్వరరావుగారు పరుగెత్తుకొచ్చారు.

"నాకేటీ అక్కర్లేదు బాబూ," అన్నాడు అప్పలకొండ వినయంగా. "గేటుకాడ ఓ కుర్సీ ఎయ్యించండి. ఏడాది లెక్కల మీటింగుంటాది గదా, దానికి నన్నూ పిలండి. రెండు మాటలు అడగాల."

అడగబోయే ఆ రెండు మాటలూ ఏమిటో ఊహించుకోలేక, ఏకాంబరేశ్వరరావుగారు కాగితాలు వెంటనే పంచెయ్యమన్నారు. పావుగంటలో కాగితాలు ఆడవాళ్ళ చేతుల్లో ఉన్నాయి, ఆడవాళ్ళు కుర్చీల్లో ఉన్నారు. అప్పలకొండకి కొట్టు నుంచి ఇంకో ఎర్ర కుర్చీ తెప్పించి గేటు దగ్గర వేశారు. దాన్ని వెనక్కి అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

చెప్పిన రోజుకి పెద్దమనుషులొచ్చారు. సింహాసనాల మీద కూర్చుని బిస్కట్లు సర్దుతున్న ఆడవాళ్ళని చూసి నోరు వెళ్ళబెట్టారు. ఫొటోలు తీశారు. "కార్మికుల్ని నిజంగానే సింహాసనం మీద కూర్చోబెట్టారు!" అన్నారొకరు. ఎండీగారు నమ్రతగా తలొంచుకుని, "నాన్నగారి సంస్కారం," అన్నారు. మర్నాడు పేపర్లో వచ్చింది. షేరు మళ్ళీ పెరిగింది. ఆ పెరుగుదలలో ఎండీగారి వాటాకి వైజాగు సముద్రం ఒడ్డున ఒక మేడ వచ్చిందని డ్రైవర్లు చెప్పుకున్నారు. హాలుకి సైరను వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు.

పెద్దమనుషులొచ్చిన రోజే, వాళ్ళ కార్లు గేటు దాటగానే ఎండీగారు ఏకాంబరేశ్వరరావుగారికేసి తిరిగారు. "ఫొటోలయిపోయాయి కదా. ఆ కాగితాలు వెనక్కి తెప్పించండి."

శనివారం నోటీసు అంటించారు. దాని భాష ఏకాంబరేశ్వరరావుగారి జీవితంలోకెల్లా గొప్పది. యజమానికి జీతమనేది ఉండదని శాస్త్రం, కావున ఎవరైనా యజమానిగా ఉండదలచినచో ఒకటో తారీకు నుంచి జీతము వదులుకొనవలెను. లేదా పత్రమును తాళము వేసిన పెట్టెలో వేసి, సంస్థ ప్రేమతో ఇచ్చు స్టీలు టిఫిన్ డబ్బాను స్వీకరించి, తిరిగి కార్మికులు కావచ్చును.

"అన్యాయం కదండీ ఇది," అంది నాగరత్నం.

"ఇది ఎంపిక స్వేచ్ఛ, అమ్మా," అన్నారాయన.

జీతం వదులుకుంటే వంటింట్లో పొయ్యి వెలగదు. సోమవారం సాయంత్రం అరవై రెండు మందీ వరసలో వెళ్ళి, పెట్టెలో మడిచిన కాగితాలు వేసి, అరవై రెండు టిఫిన్ డబ్బాలు తీసుకున్నారు. మర్నాటికి షామియానా కొట్టు వ్యాను రమ్మన్నారు. ముందు పెట్టె తెరిచి లెక్కపెడితే, పత్రాలు అరవై ఒకటి ఉన్నాయి. అరవై రెండోది మడిచిన బిస్కట్టు రేపరు.

ఆ రేపరు వేసింది సత్యవేణి. అసలు కాగితం అప్పటికే నాగరత్నం జాకెట్లో ఉంది. మర్నాడు అది ఇంకొకరి టిఫిన్ డబ్బాలో అన్నం గిన్నె కింద ఉంది. ఎల్లుండి ఎవరి దగ్గరుంటుందో సత్యవేణికే తెలియదు. తెలియకూడదనే ఆడవాళ్ళంతా కలిసి అలా అనుకున్నారు.

"ఎవరు యజమాని?" ఏకాంబరేశ్వరరావుగారు హాలు మధ్యలో నిలబడి అడిగారు.

"నేను కాదండి," అన్నారు అరవై రెండు మందీ.

పేరుందా అంటే కాగితం మీద పేరు లేదు. సోదా చేద్దామా అంటే వీళ్ళలో ఒకరు యజమాని. యజమాని జాకెట్లో చెయ్యి పెట్టించిన ఉద్యోగి గతేమిటో ఏ నిబంధనలోనూ లేకపోయినా ఆయనకి తెలుసు. పోనీ అందరి జీతాలూ ఆపేద్దామా అంటే అరవై ఒక్కరు మళ్ళీ కార్మికులయ్యారాయె, కార్మికులకి చట్టాలుంటాయి. గోడ మీద పదకొండో నిబంధన చెరిపిద్దామంటే పన్నెండోది అడ్డం. యజమానులందరి సంతకాలూ కావాలి. అందులో ఒకరెవరో తెలియదు. ఆ యజమాని ఎక్కడ నిలబడుందో తెలియదు గనక, బెల్టు నడవాలంటే అరవై రెండు మందినీ కూర్చోబెట్టక తప్పదు.

షామియానా వ్యాను ఖాళీగా వెళ్ళిపోయింది. ఆ ఏడాది కంపెనీ నివేదికలో "లాభాలలో శ్రామికుల వాటా" అన్న శీర్షిక కింద ఒకే ఒక వాక్యం అచ్చయింది: "కుర్చీలు సమకూర్చబడినవి." అద్దెవని రాయలేదు.

రెండు నెలలు గడిచాయి. సత్యవేణి పిక్కల మీద వాపు తీసింది. డాక్టరు చూసి, ఇప్పట్లో కత్తితో పని లేదన్నాడు. ఒక పొద్దున్న ఏకాంబరేశ్వరరావుగారు హాలులోకొచ్చారు. ఈమధ్య ఎవరైనా యజమాని కావచ్చని, గుమ్మంలోనే అందరికీ కలిపి ఒక దణ్ణం పెట్టడం అలవాటు చేసుకున్నారు. పెట్టి, సత్యవేణి పక్కకొచ్చి ఆగారు.

"సత్యవేణిగారూ," అన్నారు. పదిహేడేళ్ళలో ఆ గారు మొదటిసారి. "మీరు కూర్చున్న ఆ చక్రాల కుర్చీ నాదండి. రెండు నెలలుగా నిలబడే సంతకాలు పెడుతున్నాను. పిక్కలు లాగేస్తున్నాయి. రాత్రిళ్ళు ఉప్పునీళ్ళలో కాళ్ళు పెట్టుకుంటున్నాను."

"కొత్తది కొనుక్కోవచ్చు కదండీ."

"ఫర్నిచరు కొనకూడదని సర్క్యులరుందమ్మా."

"ఎవరిచ్చారండి?"

"నేనే."

"అర్జీ రాశారా మరి?"

ఆయన జేబులోంచి తీసిచ్చారు. సత్యవేణి తీరిగ్గా, మొత్తం చదివింది. హాలంతా చెవులు రిక్కించుకుని చూస్తోంది. కాగితం మడిచి ట్రే పక్కన పెట్టి, "పరిశీలనలో ఉందండి," అంది.

నవ్వులకి రేకుల కప్పు అదిరింది. సింహాసనాల మీదవాళ్ళు సింహం తలలు పట్టుకుని నవ్వారు. ఏకాంబరేశ్వరరావుగారు తలొంచుకుని అక్కడే ఉండిపోయారు. కుడికాలి మీద బరువు ఎడమకాలి మీదకి మార్చుకున్నారు. కాసేపటికి మళ్ళీ కుడికాలికి. ఆ కదలిక సత్యవేణికి తెలుసు. పదిహేడేళ్ళు తను చేసినదే. ఆయన మీద ఎంత కసి ఉన్నా, చూస్తూ ఊరుకోవడం ఆమెవల్ల కాలేదు.

ఆ వేళ ఒకామె రాలేదు. ఆమె ఎర్ర కుర్చీ లాగి, "కూర్చోండి," అంది. ఆయన కూర్చుని కళ్ళు మూసుకున్నారు.

"బెల్టు ముందు కూర్చుని ఊరికే ఉంటారేటండీ," అంది సత్యవేణి. "వరసకి పదహారు."

ఏకాంబరేశ్వరరావుగారు చుట్టూ చూసి, చొక్కా చేతులు మడిచి, బిస్కట్లు సర్దడం మొదలుపెట్టారు. మొదటి వరసలో పదిహేనే వచ్చాయి. నాగరత్నం వంగి ఒకటి కలిపింది.

"ఇన్నేళ్ళు మన ఉసురు పోసుకున్నాడు, ఆయనకి కుర్చీ ఎందుకిచ్చావొదినా?" అంది గుసగుసగా.

"నిలబడినోళ్ళని చూస్తే నా కాళ్ళు లాగుతాయే."

అంతలో గేటు దగ్గర బోర్డు పచ్చగా వెలిగి సైరను మోగింది. షేరు మళ్ళీ పెరిగినట్టుంది. చప్పట్లు కొట్టడానికి హాలులో ఎవరి చేతులూ ఖాళీగా లేవు, ఏకాంబరేశ్వరరావుగారివి కూడా.